రోజుకి నలభై సెకన్లు తప్పే వాచీ మంచిదేనా?

మన ఇళ్ళల్లో వాచీ మంచిదో కాదో తేల్చడానికి ఒకప్పుడు ఒకటే పరీక్ష. రేడియోలో వార్తలు మొదలయ్యే టైముకి ముల్లు సరిగ్గా అక్కడ ఉందా, లేదా? ఉంటే మంచి వాచీ. లేకపోతే రిపేరు షాపుకే. డయల్ మీద "17 జ్యువెల్స్" అని రాసుంటే ఇంకాస్త గౌరవం. జపాన్‌ వాళ్ళ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగుళూరులో హెచ్ఎమ్‌టీ వాచీలు మొదలయ్యాక మనవాళ్ళకి చాలాకాలం ఇదే కొలబద్ద.

ఆ కొలబద్ద పెడితే సీకో ఎస్‌కేఎక్స్007 ఫెయిలే. 1996లో వచ్చిన ఈ ఆటోమేటిక్ డైవ్ వాచీ రోజుకి 20 సెకన్లు వెనకబడచ్చు, లేదా 40 సెకన్లు ముందుకి పోవచ్చు అని కంపెనీ వాళ్ళ స్పెసిఫికేషనే చెప్తుంది. అంటే వారం తిరిగేసరికి నాలుగున్నర నిమిషాల పైన తేడా రావచ్చన్నమాట. ఫుట్‌పాత్ మీద అమ్మే క్వార్ట్జ్ వాచీ ఇంతకంటే నయం. అయినా ఇరవై ఏళ్ళకి పైగా "తక్కువ ధరలో మంచి డైవ్ వాచీ ఏది?" అని ఎవరడిగినా మొదట వినిపించిన పేరు ఇదే. కొన్నవాళ్ళందరికీ పిచ్చా? కాదు. ఈ రకం వాచీ ఏ పని కోసం పుట్టిందో చూస్తే విషయం అర్థమవుతుంది.

నీళ్ళలోకి దిగినవాడికి "ఇప్పుడు టైమెంత?" అన్నది అనవసరం. "దిగి ఎంతసేపయింది?" అన్నదే ప్రాణం. సిలిండర్లో గాలి అయిపోతుందన్నది ఒక సంగతి. రెండోది, లోతులో ఎక్కువసేపు ఉంటే గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరిగి చేరుతుంది. గబుక్కున పైకొస్తే అది సోడా మూత తీసినట్టు బుడగలై కీళ్ళనీ నరాలనీ దెబ్బ తీస్తుంది. అందుకే ఎంత లోతులో ఎన్ని నిమిషాలున్నామో చూసుకుని, మధ్యలో ఆగుతూ పైకి రావాలి. 1953లో ఫ్రెంచి సైనిక డైవర్ల కోసం బ్లాంక్‌పాన్ ఫిఫ్టీ ఫాథమ్స్ తయారైంది. రోలెక్స్ సబ్‌మెరైనర్ పుట్టిందీ ఆ రోజుల్లోనే. రెండింటిలోనూ అసలు సరుకు డయల్ చుట్టూ తిరిగే రింగు. దిగేటప్పుడు రింగు మీది గుర్తుని నిమిషాల ముల్లుకి ఎదురుగా పెడితే చాలు, గడిచిన నిమిషాలు చూడగానే తెలిసిపోతాయి. తర్వాతి కాలంలో ఆ రింగుని ఒకవైపే తిరిగేలా మార్చారు. పొరపాటున దేనికన్నా తగిలి జరిగినా గడిచిన టైము ఎక్కువ చూపిస్తుందే తప్ప తక్కువ చూపించదు. డైవర్ ముందే పైకొచ్చేస్తాడు, ప్రాణం మాత్రం పోదు. మన భాషలో ఫెయిల్‌సేఫ్ డిజైన్.

సీకో ఈ బరిలోకి దిగింది 1965లో. 150 మీటర్లు తట్టుకునే ఆ వాచీ జపాన్‌లో మొట్టమొదటి డైవ్ వాచీ. 1968లో హిరోషిమా ప్రాంతంలోని కురే ఊరి నుంచి ఒక వృత్తి డైవర్ కంపెనీకి ఉత్తరం రాశాడు. మూడొందల మీటర్లు దాటిన లోతుల్లో రోజుల తరబడి పనిచేసే మాలాంటివాళ్ళకి మీ వాచీలు ఆగట్లేదు అని. అంత లోతు పనుల్లో డైవర్లు పీల్చేది హీలియం కలిసిన గాలి. ఆ అణువులు చాలా చిన్నవి, రబ్బరు వాషర్ల గుండా కూడా లోపలికి దూరిపోతాయి. ఒత్తిడి తగ్గించేటప్పుడు అంతే త్వరగా బయటికి పోలేక అద్దాన్ని లోపల్నుంచి ఊడగొడతాయి.

ఇప్పటి సపోర్ట్ టికెట్లలా "ఇది యూజర్ తప్పిదం" అని మూసేయకుండా, సీకో ఇంజనీర్ ఇకువో తొకునాగా జట్టు దాని మీద ఏడేళ్ళు కూర్చుంది. 1975లో 600 మీటర్ల వాచీ వచ్చింది. టైటానియం కేసు, వెనక మూతే లేని ఒకే ముక్క నిర్మాణం, హీలియంని అసలు లోపలికే రానివ్వని ఎల్ ఆకారపు వాషరు. రోలెక్స్ వాళ్ళేమో లోపలికొచ్చిన హీలియం బయటికి పోవడానికి వాల్వు పెట్టారు. ఒకే బగ్‌కి రెండు ఫిక్స్‌లు అన్నమాట.

1982లో ఈ అనుభవమంతా ఐఎస్ఓ 6425 అనే ప్రమాణంగా మారింది. నా దృష్టిలో డైవ్ వాచీల చరిత్రలో అన్నిటికంటే ముఖ్యమైన కాగితం ఇదే. "డైవర్స్ 200 మీటర్లు" అని డయల్ మీద రాసుకోవాలంటే చెప్పిన లోతుకంటే పాతిక శాతం ఎక్కువ ఒత్తిడిలో వాచీ రెండు గంటలు నిలవాలి. ఉప్పునీళ్ళు, దెబ్బలు, అయస్కాంతం తట్టుకోవాలి. చిమ్మచీకట్లో 25 సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనిపించాలి. వాచీ నడుస్తోందన్న సంగతి కూడా చీకట్లో తెలియాలి. సెకన్ల ముల్లు మీద మెరిసే చుక్క అందుకే, అలంకారం కాదు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఒత్తిడి పరీక్ష ప్రతి వాచీకీ విడివిడిగా చెయ్యాలి. ఉత్త "వాటర్ రెసిస్టెంట్" అని రాసే మామూలు వాచీలకి శాంపిల్ తీసి చూస్తే సరిపోతుంది. ఒకే 200 అంకె, మాట ఒక్కటే తేడా. కానీ వెనకున్న టెస్టింగ్ వేరు.

ఇప్పుడు మళ్ళీ ఆ 1996 వాచీ దగ్గరికొద్దాం. ఖర్చు ఎక్కడ తగ్గించారో చూడండి. లోపలి 7ఎస్26 యంత్రానికి చేత్తో కీ ఇవ్వలేం. టైము సెట్ చేసేటప్పుడు సెకన్ల ముల్లు ఆగదు. అద్దం నీలమణి కాదు, గట్టిపరిచిన మామూలు గాజు. గీతలు పడతాయి, కానీ దెబ్బకి నీలమణి అంత తేలిగ్గా పగలదు. స్టీలు చెయిన్ గలగలలాడుతుంది. రింగు గుర్తు డయల్ గుర్తుకి వెంట్రుకవాసి పక్కకి ఉండటం మామూలే. ఎక్కడ తగ్గించలేదు? మర బిగించే క్రౌన్, 200 మీటర్ల కేసు, ఒకవైపే తిరిగే రింగు, చీకట్లో మెరిసే ముళ్ళు, ఐఎస్ఓ పరీక్ష. ఒక్కటీ తీసెయ్యలేదు.

మరి ఆ నలభై సెకన్ల సంగతి? లెక్క వేద్దాం. రోజుకి 86,400 సెకన్లు. అందులో 40 అంటే 0.05 శాతం కూడా లేదు. గంటసేపు డైవ్ చేస్తే వచ్చే తేడా రెండు సెకన్ల లోపే. ఆ పనికి అది సున్నా కిందే లెక్క. పైగా కచ్చితమైన టైములో స్ప్రింగు వాచీని ఓడించింది ఆ సీకోనే, 1969 డిసెంబర్ 25న ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ చేతివాచీని అమ్మకానికి పెట్టి. ఓడిపోయిన ఆట కోసం మళ్ళీ డబ్బు తగలెయ్యడం ఎందుకు? ఆ డబ్బు నీళ్ళు లోపలికి రాకుండా చూడటానికి పెట్టారు. చవక అంటే ఇది. నాసిరకం వేరు.

2019 నాటికి ఆ మోడల్ ఆగిపోయింది. అదే ఏడాది అచ్చం ఆ రూపురేఖలతోనే కొత్త సీకో 5 స్పోర్ట్స్ వచ్చింది. యంత్రం 4ఆర్36. చేత్తో కీ ఇవ్వచ్చు, సెకన్ల ముల్లు ఆగుతుంది, వెనక అద్దంలోంచి లోపలి భాగాలు కనిపిస్తాయి. షాపులో చూస్తే పాతదానికంటే ఎంతో మెరుగు. కానీ 200 మీటర్లు 100 అయింది, క్రౌన్‌కి మర పోయింది, డయల్ మీద "డైవర్స్" అన్న మాట పోయింది. కంపెనీ దాచిందేమీ లేదు, స్పెసిఫికేషన్‌లో అంతా ఉంది. ఆఫీసుకి పెట్టుకెళ్ళడానికి అది మంచి వాచీయే. కాకపోతే రూపం చూసి పాత నమ్మకాన్ని దానికి అంటగడితే తప్పు మనదే అవుతుంది. యూఐ అదే ఉంచి బ్యాకెండ్ మార్చిన రిలీజ్ అనుకోండి.

నిజమే, ఇప్పుడు డైవర్లు కంప్యూటర్లే వాడుతున్నారు, వాచీ బ్యాకప్ మాత్రమే. మనలో చాలామంది చేతి వాచీ చూసే అతి పెద్ద లోతు స్విమ్మింగ్ పూలే. అయితే బ్యాకప్ కూడా అవసరం పడిన రోజున పనిచెయ్యాలి కదా. అందుకని కొనేముందు జ్యువెల్స్ లెక్కపెట్టకండి, రోజుకి ఎన్ని సెకన్లని గింజుకోకండి. ఈ ధరకి తేవడానికి ఏం తీసేశారు, దేన్ని ముట్టుకోలేదు అని అడగండి. "డైవర్స్" అన్న మాట ఉందో లేదో డయల్ మీద చదవండి. మోడల్ ఆగిపోయాక పాత ఎస్‌కేఎక్స్‌ల ధరలు పెరిగాయి. మోజుపడి ఒకటి కొన్నా తప్పులేదు. కానీ రబ్బరు వాషర్లు ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి పట్టు వదిలేస్తాయి. పరీక్ష పాసైంది కొత్తగా ఉన్నప్పటి వాచీ, మీ చేతికొచ్చిన పాతది కాదు. వాటిని మార్పించి, ఒత్తిడి పరీక్ష చేయించాకే నీళ్ళలోకి దిగండి.