ఒకే కారు, రెండు పేర్లు

మొయినాబాద్ దాటాక చేవెళ్ల వైపు మర్రిచెట్ల నడుమ సాగే బీజాపూర్ రోడ్డు మీద ముందొక మారుతి బాలెనో, వెనకే ఒక టయోటా గ్లాంజా పోతుంటే రెండింటినీ వేర్వేరు కంపెనీల కార్లుగానే లెక్కేస్తాం. నిజానికి రెండూ గుజరాత్‌లోని హన్సల్‌పూర్‌లో సుజుకి ఫ్యాక్టరీ నుంచి వచ్చినవే.

ఒకే కారును వేర్వేరు పేర్లతో అమ్మే ఈ పద్ధతిని వాహనరంగంలో బ్యాడ్జ్ ఇంజనీరింగ్ అంటారు. దీని తొలినాళ్ల కథల్లో నాకు బాగా నచ్చింది అమెరికాలోని నాష్ కంపెనీది. 1925లో అజాక్స్ పేరుతో చవక కారు తెచ్చారు. ఆశించినంతగా అమ్ముడుపోలేదు. మరుసటి ఏడాది అదే కారును నాష్ లైట్ సిక్స్ అన్నారు, గిరాకీ పెరిగింది. మరి అప్పటికే అజాక్స్ కొన్నవాళ్ల సంగతి? వాళ్ల కారు కూడా నాష్‌గా మారేందుకు కొత్త బిళ్లలు, చక్రాల మూతలు ఉచితంగా ఇచ్చారు. కొన్నవాణ్ణి మరవని ఆ మర్యాద ఇవాళ్టికీ గొప్పదే.

బ్రిటన్‌లో బీఎంసీ కంపెనీ 1962లో తెచ్చిన చిన్నకారు మారిస్, ఆస్టిన్, ఎంజీ, వూల్సీ, రైలీ పేర్లన్నిటితోనూ తిరిగింది. ఏ పేరు డీలరుకు ఆ పేరు కారు అందాలి కదా.

మన అంబాసిడర్ కూడా మారిస్ ఆక్స్‌ఫర్డే. 2007లో మహీంద్రా-రెనో కలిసి తెచ్చిన లోగాన్, ఆ పొత్తు విడిపోయాక 2011లో వెరిటో అయింది. 2013లో రెనో డస్టర్ నిస్సాన్ టెరానోగా వచ్చింది. పెనుకొండ దగ్గర తయారయ్యే కియా సెల్టోస్‌ను మాత్రం ఈ లెక్కలో వేయకూడదు. హ్యుందాయ్ క్రెటాతో ఇంజన్లు పంచుకున్నా దాని బాడీ వేరు.

కొత్త కారు అచ్చులకు, యంత్రాలకు కోట్లు పోయాలి. ఒక కారును రెండు షోరూముల్లో అమ్మితే ఆ ఖర్చు త్వరగా తిరిగొస్తుంది. పైగా టయోటాకు చిన్నకార్లు కావాలి, సుజుకికి హైబ్రిడ్ పరిజ్ఞానం కావాలి. అలా కుదిరిన పొత్తులోంచి 2019 జూన్‌లో గ్లాంజా వచ్చింది. తర్వాత బ్రెజా అర్బన్ క్రూయిజరైంది, ఎర్టిగా రూమియనైంది. 2023లో ఎదురు దారిలో ఇన్నోవా హైక్రాస్ మారుతి ఇన్విక్టోగా వెళ్లింది.

బండి ఒకటే అయినప్పుడు కొనేవాడు చూడాల్సింది పేరు కాదు, వారంటీ కాగితం. 2019లో గ్లాంజాకు 3 ఏళ్లు లేదా లక్ష కిలోమీటర్లు; బాలెనోకు 2 ఏళ్లు లేదా 40,000. అదే ఇంజన్‌కు అంత తేడా! 2024 జులైలో మారుతి కూడా తన వారంటీని 3 ఏళ్లు, లక్ష కిలోమీటర్లకు పెంచింది.