చెడ్డ కబురు ముందు ఎవరికి?

మన చందాపురలో పిల్లలు చాలామంది ఎలక్ట్రానిక్ సిటీ కంపెనీల్లోనే పని చేస్తున్నారు. ఉద్యోగం పోయే మాట ఎవరు చెప్తారు, ఎలా చెప్తారు అన్నది ఈ మధ్య ఇళ్ళల్లో కూడా మాటలకు వస్తున్నది. అందుకని మన తెలుగువాళ్ళ సత్యం కంపెనీ కథను ఆ వైపు నుంచి చూద్దామనుకున్నాం. మోసం లెక్కల గురించి అందరూ రాశారు, వాటి జోలికి పోము. బడిలో మేము చదివింది తమిళం, ఇక్కడ రాసేది ఇంట్లో మాట్లాడే తెలుగు.

2009 జనవరి 7, బుధవారం. ఛైర్మన్ రామలింగరాజు గారు రాజీనామా ఉత్తరం రాశారు. లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేవని అందులో ఒప్పుకున్నారు. ఉత్తరం డైరెక్టర్ల బోర్డుకు పోయింది, నకళ్ళు సెబీకి, స్టాక్ ఎక్స్ఛేంజీలకు పోయాయి. షేర్లు అమ్మిన కంపెనీ అన్నాక మార్కెట్టుకు చెప్పక తప్పదు. కానీ యాభై వేలకు పైబడిన సిబ్బందిలో చాలామందికి సంగతి తెలిసింది టీవీలో. ఇంటి నుంచి ఫోను చేసి ఏమిటిది అని అడిగితే చెప్పడానికి వాళ్ళ దగ్గర ఏముంది?

రైల్వేలో మేము ఇలాంటి కాగితాలు చాలా మోసినవాళ్ళం. అక్కడ శిక్ష ఉత్తర్వును మనిషి చేతికి ఇవ్వాలి, లేదంటే రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. 1968 నిబంధనల్లోనే ఉంది. కటువైన కాగితమే, కాదనము. అయినా దాని మీద పేరుంటుంది, అధికారి సంతకం ఉంటుంది. ఎవరిని అడగాలో తెలుస్తుంది. సత్యంలో ఆ బుధవారం కబురు రాసిన మనిషే రాజీనామా ఇచ్చేశారు.

ప్రభుత్వం రెండు రోజుల్లో పాత బోర్డును తీసేసింది. దీపక్ పారేఖ్, కిరణ్ కార్నిక్, అచ్యుతన్ గార్లను వేసింది, తరువాత ఇంకో ముగ్గురిని చేర్చింది. సిబ్బందికి అప్పుడు కావలసింది ఒకటే జవాబు: జీతం వస్తుందా, రాదా? జనవరి జీతాలు పడ్డాయి. ఫిబ్రవరి 5న బ్యాంకుల నుంచి 600 కోట్ల అప్పు ఖాయమైందని చెప్పారు. అదే రోజు చాలా ఏళ్ళుగా అక్కడే పని చేసిన ఎ.ఎస్. మూర్తి గారిని సీఈఓ చేశారు. బయటి పెద్దమనిషిని తేకుండా లోపలి మనిషిని పెట్టడం మాకు సబబుగానే తోచింది.

అసలు చెడ్డ కబురు జూన్‌లో వచ్చింది. ఏప్రిల్‌లోనే టెక్ మహీంద్రా కంపెనీని తీసుకుంది. పని లేని వేలమందిని 'వర్చువల్ పూల్' అన్న దాంట్లో పెట్టారు. ఆఫీసుకు రానక్కరలేదు. మూల వేతనం, ప్రావిడెంట్ ఫండు, వైద్య బీమా ఉంటాయి. గడువు ఆరు నెలలు. పేరు మాత్రం మాకు నచ్చలేదు, ఇంట్లో కూర్చోమనడానికి అంత సొగసైన పేరెందుకు? అయితే ఎంత వస్తుంది, ఎన్నాళ్ళు వస్తుంది అన్నది దాచలేదు. ఇంటి లోను, బడి ఫీజు కట్టుకునే కుటుంబానికి ఆ రెండూ ముందుగా తెలిశాయి. జనవరిలో ఆ పాటి కూడా లేదు.

ఆ పూల్‌లో ఉండి వచ్చినవాళ్ళు మన సంఘంలో ఉంటే కింద రాయండి. ఆ మాట మీకు మేనేజరు పిలిచి చెప్పారా, లేక మెయిల్ వచ్చిందా?