అద్దానికీ బొందు

1944లో తిరుమలకి ఘాట్ రోడ్డు వేశారు కదా, ఆ మలుపుల్లో రాయెగిరి కారు ముందద్దానికి తగిలితే? పాత కారు కనిపిస్తే నాకిదే దిగులు.

1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ మన చిత్తూరుకి పొరుగింటి పిల్ల. ఆ హెరాల్డ్ చట్రాన్నే కురచ చేసి, ఇంగ్లండులో 1962లో స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు తెచ్చారు. దాని అద్దం మార్చడం చూడండి: చుట్టూ రబ్బరు తొడిగి, గాడిలో తాడు దూర్చి, అద్దం ఆనించి, లోపల్నించి తాడు లాగితే అంచు తిరగబడి బిగుస్తుంది. లంగాకి బొందెక్కించే మనకిదో బ్రహ్మవిద్యా?

అసలు సంగతి అద్దంలో ఉంది. 1903లో ఫ్రాన్సులో బెనెడిక్టస్ గారి సీసా కిందపడి పగిలినా పెంకులు చెదరలేదు. లోపలెండిన సెల్యులోజ్ నైట్రేట్ పొర పట్టి ఉంచింది. 1909లో ఆయన పేటెంటు తీసుకున్నారు. అలా రెండద్దాల మధ్య పొర ఉంటే, పగిలినా ముఖాన పడదు.

చీర కొంటే అంచు తిప్పి చూస్తాం; అద్దం కొన్నా పొర సంగతి అడగొద్దూ?