శ్యామవర్ణానికి కిరీటం



సౌందర్యపు పోటీల చరిత్ర తెలుగు పండితుని కలానికి తగిన వస్తువా అని మీలో కొందరు అడుగవచ్చు. నాకు మాత్రం నీనా దావులూరి వృత్తాంతం నిఘంటువులోని ఒక మాటను గుర్తుకు తెస్తుంది. ‘శ్యామ’కు వికృతి ‘చామ’. పూర్వకవులకు చామ అంటే సుందరి. మా దేవరాపల్లి వైపు పెళ్ళిచూపులలో మాత్రం ‘పిల్ల చామనచాయ’ అన్నారంటే కట్నం పెంచమని అర్థం.

మిస్ అమెరికా పోటీ 1921లో అట్లాంటిక్ సిటీలో మొదలయింది. పోటీదారు శ్వేతజాతీయురాలై ఉండాలన్న నిబంధన 1950లో గాని తొలగలేదు. 1983లో తొలి నల్లజాతి విజేతగా నిలిచిన వెనెస్సా విలియమ్స్ తరువాత గాయనిగా ప్రసిద్ధురాలయింది.

మరి ముప్పదేళ్ళకు, 2013 సెప్టెంబరు 15న, అదే నగరంలో న్యూయార్క్ తరఫున నిలిచిన నీనాను విజేతగా ప్రకటించారు. భారతీయ మూలాలున్న స్త్రీకి ఆ కిరీటం దక్కడం అదే మొదలు. ఆమె తల్లిదండ్రులు విజయవాడ నుండి వలస వెళ్ళినవారు. అక్కడ మాంటిస్సోరి విద్యాలయాన్ని స్థాపించి, 2017లో పద్మశ్రీ అందుకొన్న వేగే కోటేశ్వరమ్మగారు ఈమె అమ్మమ్మ. నీనా పసితనంలో రెండేళ్ళకు పైగా ఆమె దగ్గరే పెరిగింది. కూచిపూడి, భరతనాట్యం నేర్చింది. పోటీలో మాత్రం హిందీ సినిమా పాటకు ఆ రీతులను మేళవించి నర్తించింది. (కూచిపూడి పెద్దలు ఏమనుకొన్నారో!)

ఆ రాత్రే ట్విట్టరులో దూషణలు మొదలయినవి. అరబ్బు అన్నారు, ఉగ్రవాది అన్నారు. అవి తెలియనివారి మాటలు. మన దేశంలో వినబడినది వేరు: ఇంత నల్లని పిల్ల ఇక్కడి పోటీలో గెలిచేదే కాదట! ద్రౌపదిని కృష్ణ అని, రాముని నీలమేఘశ్యాముడని కీర్తించే జాతి అన్న మాట ఇది. నాకు మొదటిదానికన్న ఇదే ఎక్కువ నొప్పి కలిగించింది.

నీనా ఆ మాటనే పట్టుకొన్నది. కిరీటం దిగిన పిమ్మట కూడా వర్ణవివక్షపై ప్రసంగాలు చేసింది, ‘కాంప్లెక్షన్’ అనే డాక్యుమెంటరీ తీసింది. 1975 నుండి అమ్ముడుపోతున్న ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ 2020లో, ప్రపంచమంతటా నిరసనలు రేగిన వేళ, ‘గ్లో అండ్ లవ్లీ’ అయింది. అది ఈమె ఒక్కతె సాధించినది కాదు. ఎందరో ఏళ్ళ తరబడి పోరాడారు. మా ఊరి కొట్లలో ఆ క్రీమును ఇప్పటికీ పాత పేరుతోనే అడుగుతున్నారు.