జాడీ ముద్ర

వేసవి కడచునప్పటికి మన యిండ్లలో ఆవకాయ జాడీలు సిద్ధమగును. వానిలో ఒకటి అత్తవారింటనున్న కూతునకు పోవలసినదే. తల్లి ఆ జాడీ మూతికి తెల్లని గుడ్డతో వాసెన కట్టి, పురికొసతో బిగించును. జాడీ బజారున కొన్నది, పురికొసయు బజారుదే. ఆ ముడి మాత్రము తల్లిది. కూతురు మొదట చూచునది ఆ ముడినే.

ఈ సంగతి మాకు స్మరణకు వచ్చుటకు కారణము కలదు. అమెరికాలోను, ఇంగ్లండులోను పెక్కు గృహములలో ఒక చేతిపని వ్యాప్తిలో నున్నది. దళసరి కాగితమును మడిచి శుభాకాంక్షల కార్డు చేయుదురు. దానిపై రబ్బరు అచ్చుతో గాజు జాడీ బొమ్మను ముద్రింతురు. ఆ జాడీని పూవులతోనో, పండ్లతోనో, నక్షత్రములతోనో వేరు అచ్చులు వేసి నింపుదురు. అదే బొమ్మను కానుక పొట్లముపైనను, దానికి వ్రేలాడు చీటిపైనను వేయుదురు. చూచుటకిది తీరిక వేళల వినోదము. అయినను దీనివెనుక కార్డు, జాడీ, రబ్బరు అను మూడింటి చరిత్రలు పెనవేసికొని యున్నవి.

మొదట కార్డు మాట చెప్పుకొందము. ఇంగ్లండులో 1840లో పెన్నీ తపాలా ఏర్పడెను. ఒక్క పెన్నీకి ఉత్తరము దేశములో ఎక్కడికైనను చేరుచుండుటచే పండుగనాటి ఉత్తరములు పెరిగినవి. ఆ తపాలా సంస్కరణలో పాలుగొన్న హెన్రీ కోల్, మిత్రులందరకు వేరువేరుగా వ్రాయు శ్రమ తప్పించుకొనదలచి, 1843లో జాన్ కాల్కట్ హార్స్లీ అను చిత్రకారునిచే బొమ్మ వేయించి, వేయి ప్రతులు అచ్చొత్తించెను. తన కక్కరలేనివి షిల్లింగున కొకటి చొప్పున అమ్మకమునకు వచ్చెను. వ్రాత శ్రమ తప్పించుటకై పుట్టిన ఆ కార్డునకు కూడ రంగులు చేతితోనే దిద్దిరి. పంపువారి పేరును, అందుకొనువారి పేరును చేతితో వ్రాయుటకు చోటు విడిచిరి. యంత్రము వచ్చినను చేయి పూర్తిగా తొలగలేదన్నమాట.

తరువాత 1870ల దశకమున బోస్టను నగరమందు లూయీ ప్రాంగ్ అను ముద్రాపకుడు ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాతిని వాడి మిక్కిలి అందమైన కార్డులు వెలువరించెను. 1880 నుండి చిత్రకారులకు పోటీలు పెట్టి బహుమతు లిచ్చెను. కాని 1890ల దశకమున జర్మనీ నుండి చౌక కార్డులు వచ్చి పడగా ఆయన ఆ వ్యాపారము చాలించుకొనెను. పొట్లపు కాగితము కూడ ఇట్లే అంగడి సరకైనది. 1917 క్రిస్మసు దినములలో కాన్సస్ నగరమందలి హాల్ సోదరుల దుకాణమున కానుకలకు చుట్టు పలుచని కాగితము అయిపోయెను. కవరుల లోపల అంటించుటకై ఫ్రాన్సునుండి తెప్పించిన బొమ్మల కాగితములను తావు పది సెంట్లకు పెట్టగా అన్నియు వెంటనే అమ్ముడుపోయెను. నాటినుండి రంగుల పొట్లము పండుగకు తప్పనిసరి యయ్యెను.

ఇక జాడీ. ఆహారమును సీసాలలో పోసి, మూసి, వేడిచేసి నిలువయుంచు పద్ధతికి ఫ్రాన్సు దేశీయుడు నికొలాస్ అపేర్ 1810లో 12,000 ఫ్రాంకుల బహుమానమందెను. అయితే బిరడాలతోను, మైనముతోను మూతులు మూయుట ఇల్లాండ్రకు కష్టముగ నుండెడిది. న్యూయార్కులో రేకుపని చేయు జాన్ ల్యాండిస్ మేసన్, మరమూత పట్టునట్లు గాజు మూతికి మరలు తీర్చు విధానమునకు 1858 నవంబరు 30న పేటెంటు పొందెను. ఆ తేదీని జాడీ గాజుపైననే ఉబ్బెత్తు అక్షరములతో పోతపోసిరి. పేటెంటు గడువు 1879లో తీరిపోయిన పిమ్మట కూడ ఇతరులు ఆ అక్షరములనే పోయుచు వచ్చిరి. కావున ఆ తేదీ కనబడిన ప్రతి జాడీయు 1858 నాటిదని భ్రమపడరాదు.

మూత ఎంత బిగించినను గాలి చొరకుండ ఒక రబ్బరు చుట్ట కావలెను. పచ్చి రబ్బరు ఎండకు కరగును, చలికి పెళుసగును. దానిని గంధకముతో కలిపి కాచిన గట్టిపడునని చార్లెస్ గుడియర్ కనిపెట్టి 1844లో పేటెంటు పొందెను. ఆ రబ్బరే మూతక్రింది చుట్ట అయినది. ఆ రబ్బరే 1860ల దశకము నుండి కార్యాలయముల ముద్ర అయినది. కట్టుడు పండ్లకు రబ్బరు దిమ్మలు కాచుటకై దంతవైద్యులు వాడు చిన్న పాత్రలలోనే తొలి ముద్రల రబ్బరును కాచిరి. జాడీని కాపాడినదియు, జాడీ బొమ్మను కాగితమున కెక్కించినదియు ఒకే పదార్థమగుట మాకు మిక్కిలి వింతగ తోచుచున్నది. గుడియర్ 1860లో అప్పులతో మరణించెను. మేసన్ 1902లో పేదరికమున కన్నుమూసెను. వారి ఫలమును అనుభవించినవి కోట్లాది వంటిండ్లు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943 మార్చిలో, అమెరికాలో డబ్బా ఆహారములకు రేషను పెట్టిరి. పెరటిలో పండిన దానిని ఇల్లాండ్రు జాడీల కెత్తి చలికాలము గడపిరి. ఆ దినములలో జాడీ బొమ్మ కాదు, కుటుంబమునకు తిండి. యుద్ధానంతరము శీతలయంత్రములును, నిండైన అంగళ్లును వచ్చినవి. జాడీల అక్కర తగ్గినది. 1970, 1980ల దశకములలో రబ్బరు అచ్చులతో కార్డులు చేయుట వేడుకపనిగ ప్రబలెను. అవ్వ అలమరలోని జాడీ అట్లు మనుమరాలి కార్డుపై బొమ్మగ నిలిచినది.

ఈ పని తేలికగ కనబడును గాని నేర్పు కోరును. అచ్చును సిరాదిండుపై తట్టి, కాగితముపై నిలువుగ నొక్కి, కదల్పక ఎత్తవలెను. కదలినచో గీత అలుకుకొనును. కృష్ణాజిల్లా పెడనలో చెక్క అచ్చులతో కలంకారీ అద్దకము చేయువారికి ఈ మెలకువ చక్కగ తెలియును. ఎంత నేర్పున్నను రెండు ముద్రలు సరిగ ఒక్కటిగ రావు. ఆ స్వల్పభేదమే దీనిని అంగడి కార్డునుండి వేరుచేయును. జాడీ గీతలు అందరికి నొక్కటే. లోపల నింపునది మాత్రము ఇచ్చువారి యిష్టము. అందువలననే ఈ బొమ్మ కానుకకు ఇంతగ నప్పినది.

మన శుభలేఖను చూడుడు. అచ్చుయంత్రము వందలకొలది ప్రతులను ఒక్కతీరున దింపును. అయినను ఇంటిపెద్దలు కూర్చుండి ప్రతిదాని నాలుగు మూలలకును పసుపు రాయుదురు. వ్రేలు రాచినచోట ఒకటి చిక్కగ, ఒకటి పలుచగ నుండును. ఆ పసుపు పడువరకు అది కాగితమే, పడినపిదప పిలుపగును. దూరదేశపు జాడీ ముద్రయు, మన తల్లుల వాసెన ముడియు, ఈ పసుపు గురుతును చెప్పునది ఒకే మాట: వస్తువు ఎవరు చేసినను, ఇచ్చిన చేయి దానిపై కనబడవలెను.