కొండసీమలో రాలిన పళ్లు

మనిషి ఒంట్లో అన్నిటికన్నా గట్టిది పంటిమీది పింగాణీ. ఎముక కూడా దాని ముందు దిగదుడుపే. నూటికి 96 పాళ్లు ఖనిజం. మనిషి మట్టిలో కలిసిన వేల ఏళ్లకు కూడా తవ్వకాల్లో పళ్లు బయటపడుతుంటాయి. అంతటి పింగాణీ అమెరికాలోని అపలాచియా కొండల్లో, ఎందరికో ముప్ఫై ఏళ్లయినా నిండకముందే కరిగిపోయింది. దాన్ని కరిగించింది ఓ తీయటి పానీయం.

ఆ కొండల్లోని తూర్పు కెంటకీ, వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల సీమలు. గనులు మూతపడుతూ వచ్చాయి, చేతిలో పని పోయింది. చాలాచోట్ల బావినీళ్లు పాడైపోయాయి. పళ్ల డాక్టరు ఎక్కడో దూరాన ఉండేవాడు. పక్క కొట్లో మాత్రం మౌంటెన్ డ్యూ ఎప్పుడూ చల్లగా ఉండేది. 1940ల్లో టెనెసీలోని నాక్స్‌విల్‌లో బార్నీ, ఆలీ హార్ట్‌మన్ అనే అన్నదమ్ములు విస్కీలో కలుపుకోవడానికి చేసుకున్న పానీయం అది. 1964లో పెప్సీ కొనుక్కుంది. పెద్దల గ్లాసు కోసం పుట్టినది పసిపిల్లల పాలసీసాలోకి చేరింది. ఈ మాట రాయడానికే చెయ్యి ఆడటం లేదు.

నోట్లో ఆమ్లం పెరిగి పీహెచ్ 5.5 కన్నా దిగితే పింగాణీ కరగడం మొదలవుతుంది. ఈ పానీయానిది మూడుకు కాస్త అటూ ఇటూ. పైగా 355 మిల్లీలీటర్ల డబ్బాలో 46 గ్రాముల చక్కెర. దాన్ని తిన్న సూక్ష్మజీవులు మరింత ఆమ్లాన్ని పుట్టిస్తాయి. లాలాజలం ఊరికే ఉండదు. ఆమ్లాన్ని విరుస్తుంది, పోయిన కాల్షియాన్ని వీలైనంత తిరిగి పేరుస్తుంది. అందుకు దానికి అరగంటో గంటో వ్యవధి కావాలి. సీసా పక్కన పెట్టుకుని పొద్దస్తమానం గుక్క గుక్కగా తాగే నోట్లో దానికి ఆ వ్యవధి ఎప్పుడూ చిక్కలేదు. పింగాణీని కట్టే కణాలేమో పన్ను చిగురు చీల్చుకుని వచ్చేసరికే అంతరించిపోతాయి. విరిగిన ఎముక అతుక్కుంటుంది. పోయిన పింగాణీ మళ్లీ పుట్టదు.

పొగాకు పాపమూ ఇందులో ఉంది, వైద్యం అందకపోవడమూ ఉంది. కానీ ముందుపళ్లు నల్లబడి మొదళ్లు మాత్రం మిగిలిన పిల్లలు పొగాకు ముట్టినవాళ్లు కారు. 2009లో డయాన్ సాయర్ నడిపిన ఏబీసీ టీవీ కార్యక్రమంలో, ఊరూరా తిరిగే దంతవైద్యశాల నడిపే డాక్టర్ ఎడ్విన్ స్మిత్ అలాంటి నోళ్లనే చూపించాడు. దీనికి ‘మౌంటెన్ డ్యూ నోరు’ అనే పేరు స్థిరపడింది. ఆ పేరు చెప్పి ఆ జనాన్ని వెక్కిరించినవాళ్లను నేను క్షమించలేను.

అదే నాక్స్‌విల్‌లో 1985లో స్టాన్ బ్రాక్ రిమోట్ ఏరియా మెడికల్ అనే సంస్థ పెట్టాడు. డాక్టరు మొహం ఎరగని పరాయి దేశపు అడవిపల్లెలకు వైద్యం చేర్చాలని ఆయన తలపు. చివరికి సొంత కొండలకే రావలసి వచ్చింది. వర్జీనియాలోని వైజ్ కౌంటీ సంతమైదానంలో ఉచిత శిబిరం పెడితే జనం ముందు రాత్రే వచ్చి కార్లలో పడుకునేవారు. పుచ్చు నింపించుకునే దశ దాటిపోయినవాళ్లు పీకించుకోవడానికి వరుస కట్టారు. ఉన్న పళ్లన్నీ ఒకే పూట తీయించుకున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు. కట్టుడు పళ్లు మాత్రం అందరికీ అందలేదు.