చేజిక్కిన శత్రువు

నెల్లూరు మండలమందలి జువ్వలదిన్నె తీరమున తెల్లవాఱుజామున నిలిచితిమేని, వేటకు బోయిన పడవలు మరలివచ్చుట కన్నులపండువుగ నుండును. ఒడ్డుననున్నవారు దూరమునుండియే తమవారి పడవ నానవాలు పట్టుదురు. ఎఱుగని పడవ యన్న జంకును వారికి గలదు. 2008 నవంబరులో పదుగురు ముష్కరులు గుజరాతు జాలరుల పడవ నొకదానిని సముద్రమధ్యమున వశపఱచుకొని బొంబాయి జేరి 166 మందిని బలిగొనిరి గదా! "అట్టివారిని దొరకినచోటనే కాల్చివేయక విచారణ లెందులకయ్యా?" యని యా తీరమున నొక వృద్ధుడు మమ్మడిగెను. ఈ ప్రశ్నను త్రోసిపుచ్చరాదు. దీనికి సమాధానమును మన మన్యపు చరిత్రలోనే వెదకవలసియున్నది.

పోడు వ్యవసాయమును నిషేధించిన అటవీచట్టములకును, బాటల పనులలోని వెట్టిచాకిరికిని విసిగిన గూడెము కొండలవారు అల్లూరి సీతారామరాజు వెంట నడచిరి. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాను, తరువాతి రెండు దినములలో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను ముట్టడించి తుపాకులు గైకొనిరి. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో, ముందు నడచు భారతీయ భటులను పోనిచ్చి, కవర్డు, హైటరు అను ఇరువురు దొరలను గూల్చిరి. మైదానపు పోలీసులకు కొండదారులు కొఱుకుడుపడలేదు. అందుచే ప్రభుత్వము మలబారు ప్రత్యేక పోలీసు దళమును, పిమ్మట అస్సాము రైఫిల్సును రప్పించెను. నాయకుడు చిక్కిన తిరుగుబాటు చల్లాఱునని వారి తలంపు.

1924 మే 7న మంప సమీపమున రాజు పట్టువడెను. ఆతనిని కొయ్యూరున విడిసియున్న మేజరు గూడాలు నొద్దకు దెచ్చిరి. అచ్చటనే ఆతడు తుపాకికి బలియయ్యెను. తప్పించుకొనబోగా కాల్చితిమని ప్రభుత్వము ప్రకటించెను. న్యాయస్థాన మేదియు నాతని మాట వినలేదు.

ఆతని యనుచరుడగు గాము మల్లుదొర కథ వేఱు. ఆయన ప్రాణములతో పట్టువడి, విచారణానంతరము శిక్షితుడై అండమాను జేరెను. ఆయనయే 1952లో విశాఖపట్టణమునుండి లోకసభకు ఎన్నికయ్యెను! నాటి ప్రభుత్వము ఫితూరీదారుగా వేటాడిన సీతారామరాజు పేరిట 2022 ఏప్రిలు 4న ఒక జిల్లాయే వెలసినది.

రాజును బొంబాయి హంతకులను మే మొక్క గాటను కట్టుట లేదు. ఆయుధము చేతబట్టి నిరపరాధులను జంపువానిని పోరులో గూల్చుట భటుని ధర్మమే. ప్రాణములకు తెగించి అడవులలో తిరుగువారి కష్టమును ఇంట గూర్చుండి విమర్శించుట సులభము. కాని శత్రువు చేతులు కట్టుబడిన క్షణముననే ఆ యగత్యము తీఱిపోవును. అటుపై చేసిన వధ శిక్షయు గాదు, యుద్ధమును గాదు. పాలకుడు పెట్టిన పేరు సత్యమో కాదో తేల్చవలసినది న్యాయస్థానమే.

బొంబాయిలోనే చూడుడు. తుకారాం ఓంబ్లే యను పోలీసుద్యోగి తుపాకిగుండ్లకు తన దేహము నొడ్డి కసబును ప్రాణములతో పట్టువడజేసెను. బహిరంగ విచారణలో కుట్రయెల్ల లోకమునకు వెల్లడియయ్యెను. అపరాధి 2012 నవంబరు 21న ఉరిదీయబడెను. కొయ్యూరి తుపాకి యిట్టి సాక్ష్యమును దేనిని మిగిల్చినది?

అడవులలో సాయుధులను వెదకుటకు మన రాష్ట్రముననే 1989లో గ్రేహౌండ్సు దళ మేర్పడెను. ఇట్టి దళములు దేశమున పెక్కు గలవు. ఎదురుకాల్పులలో మరణము సంభవించినపుడెల్ల కేసు నమోదుచేసి, స్వతంత్ర దర్యాప్తును, మేజిస్ట్రేటు విచారణను జరుపవలెనని 2014లో సర్వోన్నత న్యాయస్థానము శాసించెను. ఇది భటులపై నమ్మకములేక చేసిన కట్టడి గాదు. ధర్మముగా పోరినవానిని అపవాదునుండి కాచునదియు నిదియే.

ఆ వృద్ధునకు మే మిట్లు చెప్పితిమి: "తాతా, తీరమున తెలియని పడవ కనబడిన, అది శత్రువుదో, గాలికి దారితప్పిన జాలరిదో విచారింపకయే కాల్చుమందువా?" ఆయన కొంతసేపు సముద్రమువైపు చూచి, "మా పిల్లలును దారితప్పుదురు గదా" యనెను.